ఆడలేక కోచ్ అయ్యాడా?

ఆడలేక మద్దెల ఓడు అన్నది పాత సామెత. "ఆడలేక కోచ్ అయ్యాడు" అన్నది ఈ కాలం సామెత. క్రికెట్ చూస్తూ అంటారు, ఇంజనీరింగ్ కాలేజీ లెక్చరర్ల గురించి అంటారు, ఆఫీసులో ట్రైనింగ్ ఇచ్చేవాళ్ళ గురించయితే చెప్పనే అక్కర్లేదు. "అంత తెలిసినోడైతే ఇక్కడెందుకుంటాడు బాస్?" అని ఒక్క ముక్కలో తేల్చిపారేస్తారు. ఈ మాట వింటే నాకు ఒళ్ళు మండుతుంది. అది తప్పుడు మాట కావడం ఒక కారణం. ఆ తప్పుడు మాట వల్ల ఎక్కడో ఎవడో ఒకడికి రావాల్సిన జీతం రాకపోవడం రెండో కారణం.

ఇది ఎంత తప్పో చూపించడానికి నాకు బేస్‌బాల్ కన్నా మంచి చోటు దొరకలేదు. ఆ ఆటలో ఎవడు ఎన్ని బంతులు ఆడాడో, ఎన్నిసార్లు తప్పాడో తరతరాలుగా రాసిపెట్టి ఉంది. లెక్క చూపించందే మన ఐటీ జనానికి ఏదీ ఎక్కదు కాబట్టి ఇదే సరైన ఆట. మనవాళ్ళలో చాలామంది న్యూజెర్సీలోనో డాలస్‌లోనో ఆఫీసువాళ్ళు టిక్కెట్లిస్తే వెళ్ళి, మూడో ఇన్నింగ్స్‌కల్లా నాచోస్ మీద పడి, "ఇందులో ఏముందండీ, మన క్రికెట్టే నయం" అని వచ్చేసిన బాపతే. అందుకని ముందు కాస్త నేపథ్యం.

మేజర్ లీగ్ బేస్‌బాల్‌లో 30 జట్లు. ఒక్కో జట్టులో ఆటకి సిద్ధంగా ఉండేది 26 మంది. మొత్తం 780 మంది. వీళ్ళ కింద మెట్లు మెట్లుగా మైనర్ లీగులు: సింగిల్-ఏ, హై-ఏ, డబుల్-ఏ, ట్రిపుల్-ఏ. ప్రతి పెద్ద జట్టుకీ ఒక్కో మెట్టు మీద ఒక్కో చిన్న జట్టు ఉంటుంది. అలా 120 చిన్న జట్లు. అప్పుడే చేరిన కుర్రాళ్ళ లీగులు వీటికి అదనం. 2021కి ముందు ఇంకో 40 జట్లు ఉండేవి, పునర్వ్యవస్థీకరణ పేరు చెప్పి ఎత్తేశారు. (ఈ పదం మనకేమీ కొత్త కాదు కదా!)

ట్రిపుల్-ఏ అంటే గుమ్మం ముందు నిలబడ్డట్టు. పై జట్టులో ఎవడికైనా కాలు బెణికితే ఫోనొస్తుంది, మర్నాడు పెద్ద స్టేడియంలో ఉంటావు. వాడి కాలు బాగయితే నువ్వు మళ్ళీ వెనక్కి. మన భాషలో చెప్పాలంటే బెంచి. కాకపోతే ఈ బెంచి మీద రోజూ చెమటోడ్చి ఆడాలి, ఊరూరా బస్సుల్లో తిరగాలి.

ఇప్పుడు మైక్ హెస్‌మన్ సంగతికొద్దాం.

కాలిఫోర్నియా కుర్రాడు. 1996లో హైస్కూలు అవగానే అట్లాంటా బ్రేవ్స్ వాళ్ళు 15వ రౌండులో ఎంచుకున్నారు. అప్పుడు పద్దెనిమిదేళ్ళు. 2015లో ఆట మానేసేనాటికి 37. మధ్యలో ఇరవై సీజన్లు. మైనర్ లీగుల్లో కొట్టిన హోమ్ రన్లు 433. (హోమ్ రన్ అంటే మన సిక్సర్ లాంటిదనుకోండి, సిక్సర్ కన్నా చాలా అరుదు.) అమెరికా మైనర్ లీగుల చరిత్రలో ఇంతకన్నా ఎక్కువ కొట్టినవాడు లేడు. 2007లో ఇంటర్నేషనల్ లీగులో ఆ ఏటి మేటి ఆటగాడు. 2008 బీజింగ్ ఒలింపిక్స్‌లో కాంస్యం గెలిచిన అమెరికా జట్టులో సభ్యుడు. 2011లో జపాన్ వెళ్ళి ఒరిక్స్ బఫెలోస్‌కి కూడా ఆడొచ్చాడు.

మరి మేజర్ లీగులో? అట్లాంటా, డెట్రాయిట్, న్యూయార్క్ మెట్స్, మూడు జట్లకీ కలిపి 109 ఆటలు. 14 హోమ్ రన్లు. బ్యాటింగ్ యావరేజి .188. ఈ ఆటలో .300 ఉంటే, అంటే పదిసార్లలో ఏడుసార్లు తప్పినా సరే, మహానుభావుడు. .250 అయితే పర్లేదు. .200 కన్నా కిందికెళితే ఉద్యోగం ఊడుతుంది. ఊడింది.

2015 ఆగస్టు 3న టొలీడో మడ్ హెన్స్ తరఫున ఆడుతూ 433వది కొట్టాడు. టొలీడో అంటే డెట్రాయిట్ వాళ్ళ ట్రిపుల్-ఏ జట్టు ఉండే ఊరు, డెట్రాయిట్ నుంచి కార్లో గంట దారి. కొట్టింది మామూలు హోమ్ రన్ కూడా కాదు, గ్రాండ్ శ్లామ్, మూడు బేసుల మీదా మనుషులుండగా. దాంతో బజ్ ఆర్లెట్ అనే ఆయన 1937లో ఆట మానేసేనాటికి పోగుచేసిన 432 రికార్డు 78 ఏళ్ళ తర్వాత పోయింది. ఆ సీజన్ అయిపోగానే హెస్‌మన్ ఆట మానేశాడు. డెట్రాయిట్ టైగర్స్ కింది జట్లలోనే హిట్టింగ్ కోచ్‌గా, అంటే బ్యాటింగ్ నేర్పేవాడిగా, చేరాడు. 2021 సీజన్ మధ్యలో పెద్ద జట్టులో సహాయ హిట్టింగ్ కోచ్ పదవి ఖాళీ అయితే ఇతన్నే పైకి పిలిచారు. ఆటగాడిగా ఇతను నిలదొక్కుకోలేకపోయిన అదే డెట్రాయిట్.

హెస్‌మన్ లాంటివాళ్ళ గురించి రాసేవాళ్ళు రెండే రెండు కథలు రాస్తారు.

ఒకటి జాలి కథ. "పాపం, ఇరవయ్యేళ్ళు కష్టపడ్డాడు, పైకి రాలేకపోయాడు, ఎవరూ కోరుకోని రికార్డొకటి మిగిలింది." బేస్‌బాల్ వాళ్ళ దగ్గర ఇలాంటివాళ్ళకి ఒక వెటకారపు పేరు కూడా ఉంది: క్వాడ్రపుల్-ఏ ఆటగాడు. ట్రిపుల్-ఏకి ఎక్కువ, మేజర్ లీగుకి తక్కువ అని. నిజానికి అలాంటి మెట్టే లేదు. లేని మెట్టొకటి కట్టి, దాని మీద మనిషిని కూర్చోబెట్టి, నవ్వడం. త్రిశంకు స్వర్గం కథ మనకి తెలిసిందే. అక్కడ విశ్వామిత్రుడు కనీసం త్రిశంకుడి కోసం కట్టాడు. వీళ్ళు తాము నవ్వుకోవడానికి కట్టారు.

రెండోది స్ఫూర్తి కథ. "కలని వదల్లేదు, ఆట మీద ప్రేమతో ఇరవయ్యేళ్ళు..." పొద్దున్నే వాట్సాప్‌లో సూర్యోదయం బొమ్మతో వచ్చే బాపతు. 1988లో వచ్చిన బుల్ డరమ్ సినిమా పుణ్యమా అని ఈ కథకి అమెరికాలో మంచి గిరాకీ. అందులో కెవిన్ కాస్ట్‌నర్ వేసిన క్రాష్ డేవిస్ అనే ముదురు ఆటగాడు 247వ హోమ్ రన్ కొట్టి మైనర్ లీగ్ రికార్డు సాధిస్తాడు, ఆ సంగతి పెద్దగా ఎవరికీ పట్టదు. తీసిన రాన్ షెల్టన్ స్వయంగా మైనర్ లీగుల్లో ఆడినవాడు కాబట్టి సినిమా బాగుంటుంది, కాదనను. కానీ దాన్ని చూసి కళ్ళు తుడుచుకున్న జనం చేసిందేంటి? ఆ ఆటగాడి జీతం ఎంత అని మాత్రం అడగలేదు.

చూశారా, రెండు కథలూ చేసే పని ఒకటే. అసలు ఈ మనిషికి ఏం తెలుసు, అది మిగతావాళ్ళకి ఎందుకు తెలీదు, దాని ఖరీదెంత అన్న ప్రశ్నల్ని తప్పించుకుంటాయి. జాలిపడితే డబ్బివ్వక్కర్లేదు. స్ఫూర్తి పొందితే అసలే అక్కర్లేదు.

సరే, ఏం తెలుసో చూద్దాం.

పిచర్ నుంచి బ్యాటర్‌కి దూరం 60 అడుగుల 6 అంగుళాలు. గంటకి 95 మైళ్ళ వేగంతో వచ్చే బంతి ఆ దూరాన్ని దాటడానికి సుమారు 0.4 సెకను పడుతుంది. ఆ లోపల అది నేరుగా వస్తోందా, వంగుతోందా, ఆడాలా, వదిలెయ్యాలా తేల్చుకుని బ్యాటు తిప్పాలి. మహా ఆటగాళ్ళలో చాలామందికి ఇదంతా చిన్నప్పట్నించీ ఒంట్లో ఉంటుంది. ఎలా కొడుతున్నావయ్యా అంటే "బంతిని చూస్తా, కొడతా" అంటారు. అబద్ధమేమీ కాదు, వాళ్ళకి జరిగేది అదే. ఈతొచ్చిన చేపని నీళ్ళలో ఎలా తేలుతున్నావని అడిగితే ఏం చెప్తుంది?

కింది మెట్టు మీద ఇరవయ్యేళ్ళున్నవాడికి ఆ సుఖం లేదు. ప్రతి ఏడూ ఉద్యోగం నిలబెట్టుకోవాలి కాబట్టి తన స్వింగుని ముక్కలు ముక్కలుగా విప్పి చూసుకోవాలి. చేతులు ఎక్కడ మొదలవ్వాలి, ముందు కాలు ఎప్పుడు నేలకి తగలాలి, బరువు వెనక కాలి నుంచి ముందు కాలికి ఏ క్షణంలో మారాలి. ఈ పిచర్ మొదటి రెండు బంతులూ లోపలికి వేశాడంటే మూడోది ఎటు వేస్తాడు. పైగా ఇలాంటివాడు పైకి వెళ్ళి చూసొచ్చాడు. ట్రిపుల్-ఏలో పనికొచ్చిన స్వింగు మేజర్ లీగులో ఎక్కడ బెడిసికొడుతుందో .188 యావరేజి పెట్టి కొనుక్కున్నాడు. ఇరవై రెండేళ్ళ కుర్రాడు పైకి వెళ్ళబోయే ముందు వినాల్సింది ఎవరి మాట? ఆ గోడ ఉందన్న సంగతే గమనించకుండా దాటేసినవాడిదా, దాని మీద ప్రతి ఇటుకా తడిమి చూసినవాడిదా?

"ఏదో ఒక్కడి కథ చెప్పి సిద్ధాంతం చేస్తావా" అంటారని తెలుసు. ఇంకొన్ని తీసుకోండి.

కెవిన్ లాంగ్. కాన్సాస్ సిటీ రాయల్స్ మైనర్ జట్లలో ఎనిమిదేళ్ళు ఆడాడు, మేజర్ లీగులో ఒక్కసారి కూడా బ్యాటు పట్టలేదు. అతను హిట్టింగ్ కోచ్‌గా ఉండగా 2009లో న్యూయార్క్ యాంకీస్, 2019లో వాషింగ్టన్ నేషనల్స్ ప్రపంచ ఛాంపియన్లయ్యారు. 2015లో మెట్స్‌లో ఉన్నప్పుడు డేనియల్ మర్ఫీ అనే ఓ మోస్తరు బ్యాటర్‌ని ప్లేటుకి దగ్గరగా జరిపి, బంతిని గాల్లోకి లేపి కొట్టడం నేర్పాడు. ఆ ఏడాది పోస్ట్‌సీజన్‌లో మర్ఫీ వరసగా ఆరు ఆటల్లో హోమ్ రన్లు కొట్టాడు. అంతకుముందు ఎవరూ చెయ్యని పని అది.

రూడీ హరామియో. ఇతనూ మైనర్ లీగుల్లోనే ఆగిపోయాడు. 1995 నుంచి 2009 దాకా టెక్సస్ రేంజర్స్ హిట్టింగ్ కోచ్. ఆ కాలంలో అతని బ్యాటర్లు నాలుగుసార్లు లీగులో అత్యంత విలువైన ఆటగాడి అవార్డు తెచ్చుకున్నారు: 1996, 1998లో హువాన్ గొన్జాలెజ్, 1999లో ఇవాన్ రోడ్రిగెజ్, 2003లో అలెక్స్ రోడ్రిగెజ్. అది స్టెరాయిడ్ల కాలం కూడా, టెక్సస్‌లో ఉండగా వాడానని అలెక్స్ రోడ్రిగెజ్ 2009లో తనే ఒప్పుకున్నాడు. కాబట్టి ఆ అవార్డులన్నీ కోచ్ ఖాతాలో వెయ్యను. కానీ పదిహేనేళ్ళ పాటు ఒకే చోట ఒక హిట్టింగ్ కోచ్‌ని ఉంచుకున్నారంటే, ఏటా కోచ్‌ల తలలు తెగే ఆ ఆటలో, ఊరికే ఉంచుకోరు.

ఛార్లీ లావ్ మేజర్ లీగులో ఆడాడు గానీ అంతంతమాత్రమే, యావరేజి .255, అన్నేళ్ళూ కలిపి హోమ్ రన్లు 16. బరువుని ముందుకి మార్చడం ఎలాగో చెప్పి ఒక సంప్రదాయాన్నే తయారుచేశాడు. 1980లో .390 కొట్టిన జార్జ్ బ్రెట్, తనకి బ్యాటింగ్ నేర్పింది లావేనని జీవితమంతా చెప్పుకున్నాడు. లావ్ శిష్యుడు వాల్ట్ రినియాక్ మేజర్ లీగులో ఆడింది 47 ఆటలు. బోస్టన్‌లోనూ షికాగోలోనూ ఏళ్ళ తరబడి బ్యాటర్లు అతని చుట్టూ తిరిగారు.

ఇప్పుడు ఎదుటివాళ్ళ బలమైన సాక్షి టెడ్ విలియమ్స్. బ్యాటింగ్‌లో అతన్ని మించినవాడు లేడనేవాళ్ళు నేటికీ బోలెడుమంది. 1969లో వాషింగ్టన్ సెనేటర్స్ మేనేజరయ్యాడు. మొదటి ఏడాది ఆ జట్టు 86 గెలిచి 76 ఓడింది, అతనికి ఆ ఏటి మేనేజర్ అవార్డు కూడా వచ్చింది. అబ్బో, గొప్పవాడు గొప్పగా నేర్పాడు అనుకున్నారు. తర్వాత 1970లో 70 గెలుపులు, 1971లో 63, టెక్సస్‌కి మారిన 1972లో 54. అక్కడితో సరి. జట్టులో సరుకు లేదన్నది నిజమే, తప్పంతా విలియమ్స్‌దే అనడం అన్యాయం. అతను బ్యాటింగ్ మీద రాసిన పుస్తకం ఇప్పటికీ చదువుతారు కూడా. గొప్ప ఆటగాడు నేర్పలేడని నేను అనట్లేదు బాబూ. గొప్పగా ఆడడం ఒక విద్య, నేర్పడం ఇంకో విద్య అంటున్నాను. మొదటిదాని సర్టిఫికెట్ చూసి రెండోదానికి ఉద్యోగమిస్తే, మొదటిది లేదని రెండోది ఉన్నవాణ్ణి తోసేస్తే, నష్టం ఆటకే.

బజ్ ఆర్లెట్‌ని చూడండి. 432 కొట్టిన పాత రికార్డు మనిషి. మేజర్ లీగులో ఒకే ఒక్క సీజన్, 1931లో ఫిలడెల్ఫియాకి. ఆ ఒక్క సీజన్‌లో యావరేజి .313, హోమ్ రన్లు 18. ఫీల్డింగ్ బాగాలేదన్నారు, మళ్ళీ పిలవలేదు. పైకి వెళ్ళినవాడు, వెళ్ళనివాడు అన్న గీత ఎంత వంకరగా ఉంటుందో చెప్పడానికి ఇంతకన్నా ఏం కావాలి? ఆ వంకర గీతని పట్టుకుని మనుషుల తెలివి కొలుస్తున్నారు.

కొత్తతరం వాదన ఇంకొకటుంది. "ఇదంతా పాతకాలం గోల, ఇప్పుడంతా డేటా" అని. 2015 నుంచి మేజర్ లీగ్ స్టేడియాలన్నిటిలో స్టాట్‌కాస్ట్ ఉంది. బ్యాటుకి తగిలాక బంతి ఎంత వేగంతో, ఎంత కోణంలో లేచిందో అన్నీ కొలుస్తుంది. లాస్ ఏంజిలెస్ డాడ్జర్స్ 2019 సీజన్‌కి రాబర్ట్ వాన్ స్కాయక్‌ని హిట్టింగ్ కోచ్‌గా పెట్టుకున్నారు. అతను ప్రొఫెషనల్ బేస్‌బాల్ ఏ మెట్టు మీదా ఆడలేదు. హ్యూస్టన్ వాళ్ళు 2014లో వదిలేసిన జే.డీ. మార్టినెజ్ అంతకుముందు శీతాకాలంలో స్వింగు మార్చుకుని పెద్ద స్టార్ అవడం వెనక ఇతని చెయ్యి కూడా ఉంది. మంచిదే! ఆడి పైకొచ్చినవాడే నేర్పాలన్న మూఢనమ్మకానికి అది ఇంకో దెబ్బ.

కానీ అక్కణ్ణించి "అయితే మైనర్ లీగ్ ముసలాళ్ళు ఎందుకు, ఒక ల్యాప్‌టాప్ చాలు" అని దూకేవాళ్ళతోనే నా పేచీ. సర్వర్ ఎనభై శాతం మెమరీ తింటోందని డాష్‌బోర్డ్ చెప్తుంది. ఎందుకు తింటోందో, ఇప్పుడు రీస్టార్ట్ చేస్తే ఏం కొంప మునుగుతుందో, రాత్రి రెండింటికి దానితో కుస్తీ పట్టినవాడు చెప్తాడు. బ్యాటింగూ అంతే. కోణం తగ్గిందని యంత్రం చెప్తుంది. నాలుగుసార్లు వరసగా అవుటై, బస్సు చివరి సీట్లో మొహం మాడ్చుకుని కూర్చున్న కుర్రాడికి ఆ సంగతి ఇవాళ చెప్పాలా, రెండ్రోజులాగి చెప్పాలా, అసలు చెప్పకుండా వదిలెయ్యాలా అన్నది ఆ సీట్లో ఇరవయ్యేళ్ళు కూర్చున్నవాడికి తెలుస్తుంది.

ఇక అసలు విషయం, డబ్బు.

1980 నుంచి ఉన్న నియమం ప్రకారం మేజర్ లీగులో 43 రోజులుంటే పెన్షన్‌కి అర్హత వస్తుంది. మైనర్ లీగులో గడిపిన ఏళ్ళు ఆ లెక్కలోకి రావు. 2022 దాకా ట్రిపుల్-ఏ ఆటగాడి కనీస జీతం ఏడాదికి 17,500 డాలర్లు, అట్టడుగు మెట్టు మీద 4,800. ఆ ఏడాది మేజర్ లీగులో కనీస జీతం ఏడు లక్షల డాలర్లు. ముదురు ఆటగాళ్ళు బేరమాడి కనీసం కన్నా ఎక్కువ తెచ్చుకుంటారు, కానీ మెట్ల మీదున్నవాళ్ళలో అత్యధికులు కుర్రాళ్ళే. గంట దారి దూరంలో ఉన్న రెండు ఊళ్ళ మధ్య, ఒకే యజమాని కింద, నలభై రెట్లు తేడా!

దీని మీద 2014లో మాజీ ఆటగాళ్ళు కోర్టుకెళ్ళారు. వాళ్ళ తరఫున పోరాడిన లాయర్లలో ముఖ్యుడు గారెట్ బ్రోషియస్, తనే ఒకప్పుడు శాన్ ఫ్రాన్సిస్కో జెయింట్స్ మైనర్ జట్లలో పిచర్. యజమానులు ఊరుకుంటారా? 2018లో అమెరికా కాంగ్రెస్‌లో 2,232 పేజీల ఖర్చుల బిల్లు ఒకటి వస్తే, అందులో 1,967వ పేజీ దగ్గర 'సేవ్ అమెరికాస్ పాస్‌టైమ్ యాక్ట్' దూర్చారు. పేరు చూడండి, దేశభక్తి ఉట్టిపడుతోంది! లోపల విషయం, మైనర్ లీగ్ ఆటగాళ్ళకి ఓవర్‌టైమ్ ఇవ్వక్కర్లేదని. యాభై పేజీల ఒప్పందంలో నలభయ్యో పేజీలో బాండు నిబంధన పెట్టే మన కన్సల్టెన్సీల వాళ్ళు చూస్తే సిగ్గుపడతారు. కేసు నడిచి నడిచి 2022లో 18.5 కోట్ల డాలర్లకి రాజీ అయింది. ఆ ఏడాదే మైనర్ లీగ్ ఆటగాళ్ళు యూనియన్లో చేరారు. 2023 ఒప్పందంతో ట్రిపుల్-ఏ కనీస జీతం 35,800 డాలర్లకి, అట్టడుగు మెట్టు మీద 19,800కి పెరిగింది.

ఒక్క ఒప్పందంతో రెట్టింపూ నాలుగింతలూ అయింది. మరి అన్ని దశాబ్దాలూ ఎందుకు కాలేదు? "ఆట మీద ప్రేమ" అనే మాట అడ్డం పెట్టుకున్నారు కాబట్టి. ప్రేమ ఉంది, ఎవరు కాదన్నారు? పనివాడి ప్రేమని యజమాని తన ఖాతాలో ఆదాయం కింద రాసుకోవడమే దొంగతనం. ఆ 2023 ఒప్పందం కూడా ఆటగాళ్ళకే. వాళ్ళకి నేర్పే కింది జట్ల కోచ్‌లు అందులో లేరు. స్ఫూర్తి కథలు మాత్రం వాళ్ళ మీద ఇంకా రాస్తూనే ఉన్నారు.

"అది అమెరికా గోల, మనకెందుకు" అనేవాళ్ళకి మన ముంగిట్లో మనిషిని చూపిస్తాను. అమోల్ ముజుందార్. 1994లో రంజీ ట్రోఫీలో అడుగుపెట్టిన మొదటి ఇన్నింగ్స్‌లోనే 260. రెండు దశాబ్దాల్లో ఫస్ట్‌క్లాస్ పరుగులు పదకొండు వేలు దాటాయి. చివరి రోజుల్లో మన ఆంధ్రా జట్టుకి కూడా ఆడాడు. ఇండియాకి ఒక్క మ్యాచ్ కూడా ఆడలేదు. 2023లో అతన్ని మహిళల జట్టు హెడ్ కోచ్‌గా వేసినప్పుడు "ఇండియాకి ఆడనివాడు ఇండియాకి కోచా?" అన్నవాళ్ళు లేకపోలేదు. 2025 నవంబరు 2న నవీ ముంబైలో దక్షిణాఫ్రికాని ఓడించి ఆ జట్టు ప్రపంచకప్ ఎత్తింది. మన కడప అమ్మాయి శ్రీ చరణి ఆ జట్టులో ఉంది. ముజుందార్‌కీ సచిన్‌కీ ఇద్దరికీ గురువు రమాకాంత్ అచ్రేకర్. ఆయన ఆడిన ఫస్ట్‌క్లాస్ మ్యాచ్ ఒకే ఒక్కటి, అదీ హైదరాబాద్ మీద. ఇప్పుడు చెప్పండి, "ఆడలేక కోచ్ అయ్యాడు" అంటారా?

ఇక మన సంగతి. నేను పనిచేసిన ఒక కంపెనీలో ఒకాయన ఉండేవాడు. పద్ధెనిమిదేళ్ళ అనుభవం, ఒక్కరోజు కూడా మేనేజర్ కాలేదు. కొత్తగా చేరిన ప్రతి కుర్రాడూ ఏదో ఒక రోజు ఆయన సీటు పక్కన కుర్చీ వేసుకుని కూర్చున్నవాడే. లాగ్ ఫైలు చదవడం ఎలాగో, క్లయింటు అరుస్తున్నప్పుడు ఏ మాట అనకూడదో, ఏ రాత్రి ఏ జాబు ఎందుకు చచ్చిపోతుందో ఆయనే చెప్పేవాడు. అప్రైజల్ ఫారంలో దానికి గడే లేదు. బెల్ కర్వ్ కింద ఎవరో ఒకరు పడాలి కదా, "ఇన్నేళ్ళయినా ఇంకా టెక్నికల్‌గానే ఉన్నాడు, నాయకత్వ లక్షణాలు లేవు" అని ఆయన్ని పడేశారు. వీడ్కోలు కేకు కోసినప్పుడు అందరూ చప్పట్లు కొట్టారు, ఆయన "ప్యాషన్" గురించి మేనేజరు రెండు నిమిషాలు మాట్లాడాడు. అదే జాలి, అదే స్ఫూర్తి. జీతం పెంచే సంగతి మాత్రం పద్ధెనిమిదేళ్ళలో ఎవరికీ అంత గట్టిగా గుర్తురాలేదు.

"ఇంకా కోడే రాస్తున్నావా?" అని నలభై దాటినవాణ్ణి పెళ్ళిళ్ళలో అడిగే మనం, ఇంటర్వ్యూలో అవతలివాడి పాత కంపెనీ పేరు చూసి మార్కులు వేసే మనం, క్వాడ్రపుల్-ఏ అని వెక్కిరించే అమెరికావాడికి ఏం తీసిపోయాం? వాళ్ళు ఆలస్యంగానైనా హెస్‌మన్‌ని పిలిచి కుర్రాళ్ళని అప్పజెప్పారు. మనం పెద్దాయనకి కేకు కోసి పంపించాం.

కాబట్టి అయ్యా, మీలో ఇంటర్వ్యూలు చేసేవాళ్ళు, అప్రైజల్ ఫారాలు నింపేవాళ్ళు చాలామంది ఉన్నారని నాకు తెలుసు. ఈసారి అవతలివాడు ఎంత పైకి వెళ్ళాడని అడిగే ముందు, ఎంతమందికి నేర్పాడో, వాళ్ళిప్పుడు ఎక్కడున్నారో అడగండి. నేర్పడాన్ని "అదనపు సేవ" గడిలో కాకుండా జీతం లెక్కగట్టే గడిలో రాయండి. జూనియర్ల దగ్గరికెళ్ళి అడగండి, కష్టమొస్తే ఎవరి సీటు దగ్గరికి వెళ్తారని. పది మందిలో ఎనిమిది మంది ఒకే పేరు చెప్తే మీ హిట్టింగ్ కోచ్ అతనే. ఆయనకి స్ఫూర్తి అవార్డులూ గాజు పలకలూ వద్దు. డబ్బివ్వండి.

కాదు, పైకి రానివాడికి ఏం తెలుసని అంటారా? అయితే మీ పిల్లాడికి బ్యాటింగ్ నేర్పమని ఏ సూపర్‌స్టార్ దగ్గరికో పంపండి. "బంతిని చూడు, కొట్టు" అని చెప్తాడు. ఫీజు మాత్రం గట్టిగానే ఉంటుంది.